నేలమీది పరీక్ష

విమానము మొదటిసారి నేల విడిచిన దినమును లోకము పండుగవలె జ్ఞాపకముంచుకొనును. దాని యంత్రము మొదటిసారి తిరిగిన దినమును జ్ఞాపకముంచుకొనువారు మిక్కిలి అరుదు. ఆ దినమున తోరణములుండవు, ఉపన్యాసములుండవు. ఒక కొట్టము వెలుపల తోకను గుంజకు కట్టిన విమానమొకటి, చేతులకు నూనె అంటిన మనుజుడొకడు, మంట లార్పు సాధనమును పట్టుకొని ప్రక్కన నిలిచిన మిత్రుడొకడు ఉందురు, అంతియే. అయినను ఆకాశమున జరుగవలసినదానిలో అధికభాగము ఆ దినముననే నిర్ణయమగుచున్నది. తన యింటనే విమానమును నిర్మించుకొని, దానికి రోటరీ యింజనును అమర్చి, మొదటి పరీక్షకు పూనుకొనువారి పనిని గూర్చి నేడు మేము వ్రాయబూనుటకు ఇదియే కారణము. ఇది పరదేశపు వినోదకథ యని పాఠకులు త్రోసివేయరాదు. యంత్రమును కొనుటయేగాని చేయుట యెఱుగని జాతి యెట్టి పరాధీనతలో నుండునో ఈ చిన్న కొట్టమునుండియే చక్కగ కనబడును.

ఇంటి విమానమనగానే నవ్వువారు గలరు. లోకమునందలి మొదటి విమానము ఇంటి విమానమేయని వారు మఱచుచున్నారు. రైటు సోదరులు సైకిళ్ల వర్తకులు. ఎనిమిది గుఱ్ఱపుబలమునకు తక్కువ గాక, రెండువందల పౌనులకు మించక యుండు యింజను కావలెనని వారు కారుయంత్రముల నిర్మాతలకు జాబులు వ్రాసిరి. తగిన యంత్రము నెవ్వరు నీయజాలకపోయిరి. అంతట తమ దుకాణమున పనిచేయు చార్లెస్ టెయిలరను పనివానితో కలిసి యంత్రమును స్వయముగా చేయబూనిరి. సుమారు ఆరు వారములలో అది సిద్ధమయ్యెను. 1903 ఫిబ్రవరి 12వ తేదీన మొదటిసారి తిరిగెను. మఱునాడే పెట్రోలు కారి బేరింగులపై పడి అవి బిగిసిపోయి, యంత్రపు పెట్టె పగిలిపోయెను. ఏప్రిలులో క్రొత్త పోత వచ్చెను. మే నెలలో యంత్రము మరల నడచెను. నవంబరులో కిట్టీహాకు ఇసుకతిన్నెలపై పరీక్షించుచుండగా యింజను తడబాటువలన ప్రొపెల్లరు ఇరుసులు చెడెను. వానిని బాగుచేయించి తెప్పించిన పిమ్మట ఇరుసు మరల బీటవాఱెను. ఆర్విల్ స్వయముగా ఊరికి పోయి గట్టి ఉక్కుతో క్రొత్త ఇరుసులు చేసి తెచ్చెను. అటుపిమ్మట డిసెంబరు 17వ తేదీన 12 సెకనులు, 120 అడుగుల దూరము విమానము ఎగిరెను. ఆ పండ్రెండు సెకనులను చరిత్ర బంగారు అక్షరములతో వ్రాసికొన్నది. వాని వెనుక పగిలిన పెట్టెయు, విఱిగిన ఇరుసులును గలవు. అవి లేక ఆ పండ్రెండు సెకనులు లేవు.

రోటరీ యనుమాటకు విమానచరిత్రలో రెండర్థములు గలవు. మొదటిది ఫ్రాన్సుదేశమున సెగాఁ సోదరులు నిర్మించిన నోము యింజను. 1909 నాటి రీమ్సు విమానోత్సవమున అది లోకమున కెఱుకయయ్యెను. దానిలో నడిమి ఇరుసు కదలక నిలిచియుండును. సిలిండరులే ప్రొపెల్లరుతోపాటు గిఱగిఱ తిరుగుచు గాలికి చల్లబడును. మొదటి ప్రపంచసంగ్రామమున ఇట్టి యంత్రములు వేలకొలది విమానములను నడిపెను. వానికి కావలసిన కందెన మన ఆముదమే. పెట్రోలులో కరగిపోని గుణమే దానికి ఆ గౌరవమును తెచ్చినది. తెలంగాణపు మెట్టచేలలో రైతు పండించు గింజ యెట్టి పనులకు కొఱగాగలదో దీనివలన తెలియును. గింజ మనదైనను యంత్రము మనది కాకపోయెను.

రెండవది నేడు ఇంటి విమానములవారు వాడుచున్న వాంకెల్ యింజను. ఫెలిక్స్ వాంకెల్ 1902లో జర్మనీలో జన్మించెను. విశ్వవిద్యాలయపు చదువు లేనివాడు. యౌవనమున నాజీ పక్షమున చేరిన మచ్చ ఆయన జీవితమునకు గలదు. యంత్రముయొక్క గొప్పతనము దానిని కడిగివేయజాలదు, దానివలన యంత్రముయొక్క గుణము తగ్గిపోదు. ఆయన ఊహించిన యింజను నెకర్సుల్మునందలి ఎన్నెస్‌యూ కర్మాగారమున 1957 ఫిబ్రవరి 1వ తేదీన మొదటిసారి తిరిగెను. సాధారణ యింజనులో పిస్టను క్రిందికి మీదికి పరుగెత్తి, ప్రతి దెబ్బకు ఆగి వెనుకకు మఱలవలెను. వాంకెల్ యింజనులో ఆ యాట లేదు. నడుమ కొంచెము నొక్కినట్లున్న కోలగదిలో, ప్రక్కలు ఉబ్బిన ముక్కోణపు రోటరొకటి తిరుగుచుండును. దాని మూడు ముఖములకును గోడకును మధ్య మూడు గదు లేర్పడును. ఆ గదులు రోటరుతో తిరుగుచు పెరిగి తఱుగుచుండగా గాలిని పెట్రోలును పీల్చుట, నొక్కుట, మండించుట, పొగను వెడలద్రోయుట వరుసగా జరుగును. రోటరు ఒక చుట్టు తిరుగునప్పటికి ఇరుసు మూడు చుట్లు తిరుగును. పిస్టనులు లేవు, కవాటములు లేవు, వానిని ఎత్తి దించు కడ్డీలు లేవు. కావున కుదుపు తక్కువ, బరువు తక్కువ.

ఇంత చక్కని యూహకు ఒక చిన్న అంచు శత్రువయ్యెను. రోటరు మూడు మూలలయందును గోడను ఒఱసికొనుచు పోవు సన్నని పట్టీలు గలవు. గదులనుండి వాయువు జాఱకుండ కాపాడునవి అవియే. అవి అరిగిన యంత్రము శక్తి కోల్పోవును. ఎన్నెస్‌యూ సంస్థ 1967లో ఆర్‌ఓ 80 అను కారును ఈ యంత్రముతో తొందరపడి విక్రయించెను. పట్టీలు అరిగి యంత్రములు మూలబడెను. వానిని మార్చియిచ్చు వ్యయమును భరింపలేక ఆ సంస్థ 1969లో వేఱొక సంస్థలో లీనమయ్యెను. అదే యంత్రమునకు హక్కులు కొన్న హిరోషిమా నగరపు మాజ్దా వారు మఱియొక దారి పట్టిరి. కెనిచి యమమోటో నాయకత్వమున కొలదిమంది ఇంజనీర్లు కూర్చుండి, గదిగోడపై పట్టీలు చేయు గీతలకు భూతపు గోళ్ల గాట్లని పేరిడి, ఆ భూతమును వదలించుటకు సంవత్సరములు శ్రమించిరి. బొగ్గును లోహముతో చేర్చి చేసిన పట్టీతో ఆ గాట్లు మానెను. 1967లో వారి కాస్మో కారు వీథులకు వచ్చెను. 1991 జూనులో లమాఁ నగరమున ఇరువదినాలుగు గంటల పందెమును వారి నాలుగు రోటరుల కారు గెలిచెను. 1945లో బూడిదయైన పట్టణము పందొమ్మిదివందల అరువదియేడునాటికి లోకమునకు క్రొత్త యంత్రము నిచ్చినదనిన, దానికి మూలము సంపద కాదు. తప్పును దాచక తరచి చూచు పట్టుదల.

ఆ మాజ్దా వారి 13బి యింజనునే అమెరికాలోని ఇంటి విమానముల నిర్మాతలు కొందఱు ప్రేమించిరి. దానిలో రోటరులు రెండు. ఒక్కొక్కటి 654 ఘన సెంటీమీటర్లు; మొత్తము 1308. పాత కారునుండి విప్పి తెచ్చినను విమాన యింజను ఖరీదులో కొద్దిభాగమునకే లభించును. ప్రతి రోటరునకును రెండేసి నిప్పుకఱ్ఱలు పుట్టుకతోనే యున్నవి. విమానమున కోరబడు జంట నిప్పు దీనికి సహజము. పట్టీ యొకటి విఱిగినను యంత్రము తటాలున బిగిసిపోక, కుంటుచు మరల నేలకు చేర్చు శక్తి తఱచుగా మిగిలియుండును. కారు యింజనుతో ఎగురుట క్రొత్తది గాదు. 1929లో మిన్నసోటా రాష్ట్రమున బెర్నార్డ్ పీటెన్‌పోల్ ఫోర్డు కారు యింజనుతో ఎగిరి, ఆ చిత్రపటములను తనవంటివారి కిచ్చెను.

కాని రోడ్డుపై నడచినది ఆకాశమున నడచునని భ్రమింపరాదు. ఈ యింజను నిమిషమునకు ఆఱువేల చుట్లు తిరిగినపుడుగాని తన బలమును చూపదు. ప్రొపెల్లరు సుమారు 2,700 చుట్లకు మించినచో దాని అంచులు శబ్దవేగమును సమీపించి, శక్తి యంతయు చప్పుడుగా వ్యర్థమగును. కావున నడుమ వేగమును తగ్గించు పండ్లచక్రముల పెట్టె కావలెను. 2.85కు ఒకటి చొప్పున తగ్గించు పెట్టె యున్నచో యింజను 6,000 తిరిగినపుడు ప్రొపెల్లరు సుమారు 2,100 తిరుగును. ఆ పెట్టెయే మఱియొక చిక్కు. ఇరుసు మెలిపడి విడివడు కంపనము ఒక్కొక్క వేగమున పండ్లను కొట్టివేయగలదు. తిరుగు రోటరు లోపలి వేడిని ఆయిలే మోసికొనిపోవలెను. కావున నీటికి రేడియేటరొకటి చాలదు, ఆయిలునకును మంచి కూలరు కావలెను. పొగ మిక్కిలి వేడిగాను, మిక్కిలి చప్పుడుతోను వెడలును. పలుచని రేకుతో చేసిన గొట్టములు దానికి నిలువవు. ఇంధనమును చిమ్ముటయు, నిప్పు రగుల్చుటయు విద్యుత్తుపై ఆధారపడియున్నవి. తీగె యొకటి ఊడినచో ఆకాశమున యంత్రము మూగవోవును. ఇట్టి విమానములు చెడుటకు యంత్రపు నడిబొడ్డుకంటె దాని చుట్టునుండు ఇంధనపు గొట్టములు, తీగెలు, చల్లార్పు ఏర్పాట్లు తఱచుగా కారణమగుచున్నవి. అమెరికా ప్రభుత్వమువారి ప్రమాదవిచారణ సంఘము 2012లో ఇంటి విమానములను గూర్చి చేసిన పరిశీలనమున, యంత్రము చెడుటయు, విమానము అదుపు తప్పుటయు ప్రమాదములకు ముఖ్యకారణములుగా తేలెను. విమానము క్రొత్తదై యున్నకాలముననే ప్రమాదములు దట్టముగా నుండుటయు తేలెను.

అందువలననే నేలమీది పరీక్ష వ్రతమువంటిది. తొందరపడువాడు దానికి తగడు. మొట్టమొదట ఇంధనమును కొలవవలెను. పంపు తెచ్చు ఇంధనము యింజను గరిష్ఠముగా త్రాగుదానికి నూటికి 125 పాళ్లును, ఎత్తునుండి దానంతట అదే జాఱు ఇంధనమైనచో 150 పాళ్లును ప్రవహింపవలెనని అచ్చటి నియమము. విమానపు ముక్కును పైకెత్తి యుంచి ఈ కొలత తీయుదురు. పిమ్మట నిప్పు నీయకయే యంత్రమును త్రిప్పి ఆయిలు ఒత్తిడి పైకి వచ్చువఱకు చూతురు. చక్రములకు అడ్డుదిమ్మెలు, తోకకు మోకు, ప్రొపెల్లరు తిరుగు వరుసలో నరుడు నిలువరాదను కట్టడి. అప్పుడు నిప్పు. మొదటి పరుగు కొలది నిమిషములే. ఆపి, మూతలు విప్పి, చేతిదీపముతో ప్రతి ముడిని చూచి, కారిన చుక్క యెక్కడిదో కనుగొందురు. మరల నడుపుదురు, మరల ఆపుదురు. నీటిలో చిక్కిన గాలిబుడగను వెడలగొట్టుదురు. ఆయిలు వేడి, నీటి వేడి, ఒత్తిడి, చుట్లు అన్నియు పుస్తకమున వ్రాసికొందురు. ఒక బ్యాటరీని తీసివేసి రెండవదానిపై నడచునో లేదో, ఒక పంపును ఆపి రెండవదానిపై నడచునో లేదో నేలపైననే తేల్చుకొందురు. ఆకాశమున తెలిసికొనవలసినది మిగులకుండ నేలపైననే అడుగవలసిన ప్రశ్నలన్నియు అడుగుటయే ఈ వ్రతము. మెల్లగ మైదానమున నడిపి చూచుట దాని పిమ్మట. ఎగురుట అన్నిటికి పిమ్మట.

అచ్చటి చట్టమునకును ఈ వివేకము గలదు. అధికభాగమును తానే చేసినవాని విమానమునకు ప్రయోగ విమానమను ముద్ర వేసి అనుమతి నిత్తురు. ఆ ముద్రను విమానముపై ఎల్లరకు కనబడునట్లు వ్రాయవలెను. ప్రభుత్వామోదము పొందిన యింజను ప్రొపెల్లరుల జోడైనచో 25 గంటలు, కానిచో 40 గంటలు, నిర్ణయించిన హద్దులలోనే, ప్రయాణికులు లేకయే ఎగురవలెను. తన ప్రాణము నొడ్డి నేర్చుకొనువానికి స్వాతంత్ర్యమును, పొరుగువాని తలకు రక్షణయును ఒక్కమాఱే కల్పించిన చట్టమిది. 1953లో మిల్వాకీ నగరమున పుట్టిన ప్రయోగ విమానసంఘము ఈ నీడననే పెరిగి, ప్రతి వేసవిని ఆష్కాషునందు వేలకొలది విమానములను ఒకచోట చేర్చుచున్నది. బర్ట్ రూటను ఇట్టి ఇంటి విమానములతోనే బయలుదేరి, 1986లో ఎక్కడను ఆగక, నడుమ ఇంధనము నింపుకొనక భూమిని చుట్టివచ్చిన వాయేజరును నిర్మించెను. చిన్న కొట్టము పెద్ద విద్యకు తల్లియగుట యిట్లు.

ఇక మన సంగతి. వాల్‌చంద్ హీరాచంద్ 1940లో బెంగుళూరున విమాన కర్మాగారమును స్థాపించినది మొదలు మనము విమానశరీరములను చేయనేర్చితిమి. యంత్రమును మాత్రము ఇతరుల గుమ్మముకడనే వెదకుచున్నాము. 1951లో ఎగిరిన హెచ్‌టీ-2కు యింజను విలాయతిది. 1961లో ఎగిరిన మారుతకు కోరిన బలముగల యింజను దొరకక, శబ్దవేగమును దాటవలసిన విమానము దాటజాలకపోయెను. 2001 జనవరి 4వ తేదీన ఎగిరిన తేజస్ అమెరికా యింజనుతో ఎగిరెను. దానికై మొదలిడిన మన కావేరి యింజను 2008లో దానినుండి వేఱుచేయబడెను. వాంకెల్ యింజను విషయమున మాత్రము ఒక శుభవార్త గలదు. నిశాంత్ అను మానవరహిత విమానమునకు మొదట విదేశపు వాంకెల్ యింజనును కొనుచుండిరి. బెంగుళూరు, అహమ్మదునగరముల పరిశోధనశాలలవారు కూడి దేశమున నిర్మించిన వాంకెల్ యింజను 2009 ఏప్రిల్ 5వ తేదీన కోలారు సమీపమున ఆ విమానమును ఎగురవేసెను. కాని 2015లో సైన్యము నిశాంతును వదలుకొనెను. విమానము పోయినంత మాత్రమున యింజనును చేయనేర్చిన చేతులు చెదరిపోరాదు. యంత్రవిద్య ఒక సంతానము. దానిని ఒక్క ఉద్యోగమునకు పెంచి, ఆ ఉద్యోగము పోగానే వీథిలో విడుచువాడు తండ్రి కాడు.

ఇంట నిర్మించువారు మనకును లేకపోలేదు. బొంబాయిలో ఒక విమానచోదకుడు తన యింటి మేడపై ఆఱుగురు కూర్చుండదగిన విమానమును నిర్మించి 2016 ఫిబ్రవరిలో ప్రదర్శనమున నిలిపెను. దానికి రిజిస్ట్రేషను లభించునప్పటికి 2017 నవంబరు వచ్చెను. విమానయాన చట్టము 1934 నాటిది పోయి, 1 జనవరి 2025 నుండి భారతీయ వాయుయాన అధినియమము అమలునకు వచ్చినది. పేరు భారతీయమైనది, సంతోషము. గుణమును భారతీయుని చేతికి బలమిచ్చునది కావలెను. ఇంటి నిర్మాతకు తేటగను క్లుప్తముగను ఉండు ప్రత్యేకమార్గము, ప్రతి మెట్టునకు గడువు, నిరాకరించినచో కారణము వ్రాతమూలముగ తెలుపు బాధ్యత ఉండవలెను. రెండవ ప్రపంచసంగ్రామకాలమున దొనకొండలో వేసిన విమానస్థలమువంటివి చిరకాలముగా వాడుకలేక పడియున్నవి. నిర్ణీతదినములలో నేలపరీక్షలకును, నిర్జనమైన హద్దులలో తొలిపరీక్షలకును వానిని తెఱచుట ఖజానాకు భారము కాదు. ప్రతి సాంకేతిక కళాశాలయందును యింజనును బిగించి నడుపు పరీక్షాపీఠమొకటి యుండవలెను. విద్యార్థి పట్టా పొందుటకు ముందు ఒక యంత్రమును విప్పి, బిగించి, నడిపి, అది చెడినపుడు ఎందువలన చెడెనో వ్రాసి చూపవలెను.

ఇచ్చట మాకు ప్రియము గాని మాట యొకటి చెప్పవలసియున్నది. విమానమనగానే మనలో కొందఱు పుష్పకమును స్మరించి, అన్నియు మనకు పూర్వమే యుండెనని తృప్తిపడుదురు. పుష్పకము మన కావ్యసంపద. దానిని మేమును గౌరవింతుము. కాని వైమానిక శాస్త్రమను గ్రంథమునందలి విమానములను బెంగుళూరు విజ్ఞానమందిరమున 1974లో శాస్త్రజ్ఞులు పరీక్షించి, అది ఇరువదవ శతాబ్దమున వ్రాయబడినదనియు, ఆ విమానములు ఎగురజాలవనియు తేల్చిరి. పూర్వుల కీర్తిని చెప్పుకొనుటచేత ప్రొపెల్లరు తిరుగదు. లేని గొప్పను చెప్పుకొనువాడు ఉన్న లోపమును చూడలేడు. లోపమును చూడలేనివాడు యంత్రమును బాగుచేయలేడు. దేశభక్తి యనగా మన యంత్రము చెడలేదని బొంకుట కాదు. అది యెందుకు చెడెనో అందఱికంటె ముందుగ మనమే కనుగొనుట.

గ్రామములందలి భూస్వాములును, పట్టణములందలి గృహస్థులును ఈ విషయమున చేయదగినది గలదు. ఆయిలు యింజనులు పొలములకు నీరు తోడి, బియ్యపు మరలను ఆడించిన కాలమున ప్రతి పేటయందును యంత్రమును చెవితో విని దాని జబ్బును చెప్పగల మేస్త్రీ యొకడుండెడివాడు. చదువు లేదని వానిని తక్కువచేసితిమి. చదివిన మన కుమారులు చేతికి నూనె అంటకుండ పెరుగుటను గౌరవమనుకొంటిమి. ఆ మేస్త్రీ చెవియు, ఆ కుమారుని లెక్కయు ఒక్క బల్లయొద్ద కూడిననాడుగాని మనకు యంత్రము పుట్టదు. కుమారుడు పెరటికొట్టములో యింజనును విప్పిన దినమున వానిని కసరక, మంచి పనిముట్లు కొనియిచ్చి, తొందరవలదు, నేలపై తేల్చుకొనుమని చెప్పగల తండ్రులు కావలెను. విఱిగిన ఇరుసును చూచి నవ్వక, రెండవ ఇరుసు చేయుటకు తోడ్పడు ఇరుగుపొరుగులు కావలెను.

రైటు సోదరుల యింజను తిరిగిన రెండవనాడే పగిలెను. ఆ దినమున వారి దుకాణము వాకిట నవ్వుటకు గుంపు చేరి, అధికారి వచ్చి తలుపునకు తాళము వేసియున్నచో, డిసెంబరు 17వ తేదీ పంచాంగమున ఒక సామాన్యదినముగనే మిగిలియుండెడిది. మన దేశమున ఎన్ని కొట్టముల తలుపులకు నేడు తాళములు వ్రేలాడుచున్నవో ప్రభుత్వమును ప్రజలును విచారించుకొందురుగాక.